దోమకు ఒక అణా: హుసేన్ ఖాన్, మహమ్మద్ బక్ష్, కలకత్తా పిచ్చుకలు

హైదరాబాదులో నల్లకుంట జ్వరాల ఆసుపత్రిని పాతతరం వారు 'కోరంటి దవాఖానా' అని పిలుస్తారు. దాని అధికార నామంలో సర్ రొనాల్డ్ రాస్ పేరు ఉంది. బేగంపేటలో, పాత విమానాశ్రయానికి సమీపాన, ఆయన పనిచేసిన భవనం ఆయన స్మారక చిహ్నంగా నిలిచి ఉంది. కలకత్తాలో ఆయన ప్రయోగశాల ఉన్న ఆసుపత్రి ప్రహరీలో ఒక స్మారక ద్వారాన్ని 1927 జనవరి 7న, ఆయన సమక్షంలోనే, బెంగాలు గవర్నరు లార్డ్ లిట్టన్ ఆవిష్కరించాడు. ఇక ఆగస్టు 20వ తేదీని ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తున్నారు. 1897లో ఆ రోజున సికింద్రాబాదులో రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు.

ఇంత ఘనంగా గుర్తుంచుకున్న ఈ పరిశోధనలో మరికొందరి పాత్ర ఉంది. తన రక్తాన్ని దోమలకు అప్పగించిన రోగి ఒకరు. ప్రయోగశాలలో రాస్ పక్కన నిలిచి పనిచేసిన సహాయకుడు ఒకరు. గోడ మీద వాలిన ఒక వింత దోమను వేలెత్తి చూపిన ఆసుపత్రి ఉద్యోగి ఒకరు. వీరికి తోడు కలకత్తా పిచ్చుకలు. ఈ పాత్రలను వాటి వాటి స్థానాలలో నిలిపి చూసినప్పుడే ఆ పరిశోధన ఎలా సాగిందో, మనుషుల ఆసుపత్రిలో మొదలైన పని పక్షుల పంజరాల వద్ద ఎందుకు ముగిసిందో బోధపడుతుంది.

జ్వరం పాతది, కారణం తెలియనిది

చలిజ్వరం మానవజాతికి కొత్త కాదు. దినం విడిచి దినం వచ్చే జ్వరాన్నీ, రెండు దినాలు విడిచి వచ్చే జ్వరాన్నీ ప్రాచీన గ్రీకు వైద్యులే వేరువేరుగా గుర్తించారు. అరబ్బీ వైద్యగ్రంథాలు ఈ విభజనను స్వీకరించి మరింత వివరంగా చర్చించాయి. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో మొదటిదానిని 'గిబ్' అనీ, రెండవదానిని 'రిబ్' అనీ వ్యవహరించి, వాటి లక్షణాలనూ చికిత్సనూ వివరించాడు. మొదటి జ్వరానికి పిత్తం చెడటం కారణమనీ, రెండవదానికి 'సౌదా' అనే నల్లపిత్తం చెడటం కారణమనీ యునానీ హకీములు భావించారు. ఉర్దూ వాడుకలో ఈ రెండు జ్వరాలకే తిజారీ, చౌథియా అని పేర్లు.

ఐరోపాలో అభిప్రాయం మరో విధంగా ఉండేది. చిత్తడి నేలల నుంచి లేచే దుర్వాయువు వల్ల ఈ జ్వరం వస్తుందని వారు నమ్మారు. మలేరియా అనే మాటకు ఇటాలియన్ భాషలో 'చెడుగాలి' అనే అర్థం.

1880 నవంబరు 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్ నగరపు సైనిక ఆసుపత్రిలో అల్ఫాన్స్ లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు జ్వరపడ్డ ఒక సైనికుని రక్తాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తున్నాడు. రక్తకణాల నడుమ కొరడాల వంటి పోగులను విదిలిస్తున్న ఒక జీవి ఆయనకు కనబడింది. అది మలేరియాకు కారణమైన ఏకకణ పరాన్నజీవి. కొద్ది సంవత్సరాలకే ఇటలీలో కమిల్లో గోల్గీ మరొక సంగతిని నిరూపించాడు. ఈ జీవి రక్తకణంలో పెరిగి, కణాన్ని చీల్చుకొని వెలువడే గడువూ, రోగికి జ్వరం తిరగబెట్టే గడువూ ఒకటే. అనగా హకీములు శతాబ్దాలుగా గమనిస్తూ వచ్చిన దినాల లెక్క సరైనదే. ఆ లెక్క వెనుక ఉన్న ప్రాణి మాత్రం కంటికి కనిపించనిది. సూక్ష్మదర్శిని లేని కాలంలో దానిని చూసే మార్గం వారికి లేదు.

అయితే ఆ ప్రాణి ఒకరి రక్తం నుంచి మరొకరి రక్తంలోకి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం లావెరాన్ వద్ద గాని, గోల్గీ వద్ద గాని లేదు.

గురువు ఊహ, శిష్యుని సందేహం

రొనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ పాదప్రాంతమైన అల్మోరాలో జన్మించాడు. తండ్రి సైన్యాధికారి. 1881లో రాస్ ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. మొదట్లో ఆయన లావెరాన్ మాటను నమ్మలేదు. జ్వరం పేగులలో పుట్టే విషం వల్ల వస్తుందని వాదిస్తూ వ్యాసాలు కూడా రాశాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియా రోగి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో స్వయంగా చూపించాడు. నెలవంక ఆకారంలో ఉన్న పరాన్నజీవులను కళ్లారా చూసిన తరువాత రాస్ తన వాదనను విడిచిపెట్టాడు.

మాన్సన్ 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తూ, బోదకాలు వ్యాధికి కారణమైన పురుగు దోమ శరీరంలో ఎదుగుతుందని కనుగొన్నాడు. మలేరియా జీవి కూడా దోమలోనే ఎదుగుతుండాలని ఆయన ఊహించాడు. ఆ ఊహలో సగం నిజం, సగం పొరపాటు. దోమ రోగి రక్తాన్ని తాగుతుంది, గుడ్లు పెట్టి నీటిలో చనిపోతుంది, ఆ నీటిని తాగిన మనిషికి జ్వరం వస్తుంది అని ఆయన భావించాడు. దోమ ఒక్కసారే రక్తం తాగుతుందని అప్పట్లో అనుకోవడమే ఈ పొరపాటుకు మూలం.

ఈ ఊహను పరీక్షించాలనే పట్టుదలతో రాస్ 1895లో భారతదేశానికి తిరిగివచ్చాడు. ఆయనను సికింద్రాబాదులోని మద్రాసు పదాతి దళానికి వైద్యాధికారిగా నియమించారు.

సికింద్రాబాదు ప్రయోగాలు

రాస్‌కు మొదట కావలసినది రక్తంలో నెలవంక పరాన్నజీవులు గల రోగి. 1895 మే నెలలో అబ్దుల్ ఖాదిర్ అనే రోగి అటువంటివాడు దొరికాడు. ఆయనను దోమలచేత కుట్టించి, ఆ దోమలను రాస్ పరీక్షించాడు. లావెరాన్ చూసిన కొరడాపోగుల మార్పు దోమ కడుపులో కూడా జరుగుతున్నదని తేలింది. ఆ తరువాతి దశ మాత్రం కనబడలేదు.

గురువుగారి నీటి సిద్ధాంతాన్ని కూడా రాస్ పరీక్షకు పెట్టాడు. రోగిని కుట్టిన దోమలు చచ్చిపడిన నీటిని కొందరి చేత తాగించాడు. రాస్ రాతలలో లచ్‌మన్ అనే పేరుతో కనిపించే పనివాడు వారిలో ఒకరు. కొన్ని దినాలకు ఆయనకు జ్వరం వచ్చింది. రక్తంలో పరాన్నజీవి మాత్రం కనబడలేదు. మరికొందరి మీద చేసిన ప్రయోగాలు కూడా నీటి సిద్ధాంతాన్ని బలపరచలేదు. ఈ సందర్భంలో ఒక సంగతి గమనార్హం. ఆరోగ్యవంతుని చేత రోగపు నీటిని తాగించడానికి ఆనాడు ఏ సంఘం అనుమతీ అక్కరలేదు. పైవాడు అడిగితే కిందివాడు తాగేవాడు.

కలరా నివారణ పని మీద 1895లో రాస్‌ను బెంగళూరుకు పంపడంతో ప్రయోగాలు నిలిచిపోయాయి. 1897లో నీలగిరుల సిగూరు లోయలో మలేరియాను పరిశీలించబోయి తానే ఆ జ్వరం పాలయ్యాడు. అదే సంవత్సరం జూన్‌లో సికింద్రాబాదుకు తిరిగివచ్చి మళ్లీ పని మొదలుపెట్టాడు.

అంతవరకు ఆయన పరీక్షించినవన్నీ ఊళ్లో విరివిగా దొరికే బూడిదరంగు దోమలు, చారల దోమలు. ఒక్కొక్క దోమను చీల్చి, కణం కణం గాలించడానికి గంటల కాలం పట్టేది. పంకా ఊపితే దోమలు, వాటి అవయవాలు ఎగిరిపోతాయి గనుక ఆ ఎండలలో పంకా లేకుండానే కూర్చోవాలి. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క కంటి అద్దం కూడా పగిలింది అని ఆయనే రాసుకున్నాడు. ఇంత చేసినా ఆ దోమలలో ఏమీ దొరకలేదు. అవి మనిషి మలేరియాను మోసే జాతి కాకపోవడమే అందుకు కారణం. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆగస్టు నడిమిన పని మలుపు తిరిగింది. ఆసుపత్రి సహాయకుడు ఒకరు గోడ మీద వాలిన చిన్న దోమను రాస్‌కు చూపించాడు. మామూలు దోమలా గోడకు సమాంతరంగా కాక, తోకభాగాన్ని పైకెత్తి వాలి ఉన్నది. రెక్కల మీద మచ్చలు ఉన్నాయి. అది ఈనాడు అనాఫిలిస్ అని పిలిచే జాతి దోమ. అటువంటివే మరికొన్ని, పట్టి తెచ్చిన పిల్లపురుగుల నుంచి సీసాలో పొదిగి వెలువడ్డాయి. 1923లో ప్రచురించిన తన జ్ఞాపకాలలో రాస్ ఈ ఘటనను వివరంగా రాశాడు. దోమ ఎలా కూర్చున్నదో ఆయనకు గుర్తుంది. దానిని చూపించిన సహాయకుని పేరు మాత్రం గుర్తులేదు. ఆ పేరు మరచినందుకు విచారం కూడా అక్కడే వెలిబుచ్చాడు.

ఆగస్టు 16న ఆ మచ్చరెక్కల దోమలను హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలారు. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆయనకు చెల్లించారు. రూపాయికి 16 అణాలు చెల్లిన కాలమది. తరువాతి దినాలలో రాస్ ఒక్కొక్క దోమను చీల్చి చూస్తూ వచ్చాడు. ఆగస్టు 20న పరీక్షించిన దోమ కడుపు గోడలో గుండ్రని కణాలు కొన్ని కనిపించాయి. వాటిలో నల్లని రేణువులు ఉన్నాయి. మలేరియా పరాన్నజీవి రక్తంలో ఉన్నప్పుడు దానిలో కనిపించే రేణువులు సరిగ్గా అవే. మరునాడు ఇంకొక దోమను కోసి చూస్తే అవే కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. దోమలో ఆ జీవి బ్రతికి, ఎదుగుతున్నదని రుజువైంది. ఈ వివరాలతో రాస్ రాసిన వ్యాసం 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

కలకత్తాలో వేలు ఇవ్వని జనం

ఇక మిగిలినది ఒక్క ప్రశ్నే. కడుపు గోడలో ఎదిగిన జీవి ఆ తరువాత ఎక్కడికి పోతుంది, మరో మనిషిని ఎలా చేరుతుంది? దీనికి సమాధానం వెదకవలసిన సమయంలో ప్రభుత్వం రాస్‌ను రాజపుత్రస్థానంలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. అక్కడ మలేరియా రోగులు దొరకడమే కష్టమైంది. మాన్సన్ లండన్‌లో పైవారితో మాట్లాడిన తరువాత, 1898 ఫిబ్రవరిలో ప్రత్యేక విధుల మీద రాస్‌ను కలకత్తాకు పంపారు. ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి ఆవరణలోని కనింగ్‌హాం ప్రయోగశాల ఆయనకు లభించింది.

చిక్కు మరో వైపు నుంచి వచ్చింది. కలకత్తా ఆసుపత్రులలో జ్వరం రోగి చేరగానే క్వినైన్ ఇచ్చేవారు. మందు పడిన రక్తంలో ప్రయోగానికి పనికివచ్చే పరాన్నజీవులు మిగలవు. జ్వరాల రుతువు కూడా అది కాదు. బయటి జనానికి డబ్బు ఇచ్చి రక్తపు చుక్క అడుగుదామంటే, ఆ వసంతంలోనే నగరాన్ని ప్లేగు భయం కమ్ముకున్నది.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలిన తరువాత ప్రభుత్వం 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. దాని కింద అధికారులు ఇళ్లలో జొరబడి సోదాలు చేశారు. రోగులను, వారి కుటుంబాలను బలవంతంగా శిబిరాలకు తరలించారు. ఆడవారి పరదాను సైతం లక్ష్యపెట్టలేదని హిందువులు, ముస్లిములు ఒక్కటిగా ఆగ్రహించారు. పుణెలో ఆ పని చేయించిన అధికారి రాండ్‌పై 1897 జూన్‌లో కాల్పులు జరిగాయి. ఆయన ఆ గాయాలతో మరణించాడు. 1898 ఏప్రిల్‌లో కలకత్తాలో ప్లేగు కనిపించగానే, సర్కారు వారు బలవంతంగా సూదిమందు గుచ్చుతారనే వదంతి నగరమంతా వ్యాపించింది. అల్లర్లు జరిగాయి. అటువంటి రోజులలో తెల్లదొర ఒకడు వేలికొనన సూది గుచ్చి రక్తం తీస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? డబ్బుకు ఆశపడి వచ్చినవారు కూడా సూదిని చూసి వెళ్లిపోయారు.

ఈ భయాన్ని అజ్ఞానం అని కొట్టివేయడం సులభం. కాని ఆ జనానికి సూది పట్టిన చెయ్యీ, తలుపు పగులగొట్టిన చెయ్యీ ఒకే ప్రభుత్వానివి. సోదాలలో పోయిన నమ్మకం ప్రయోగశాల గుమ్మం దాకా వచ్చేసరికి తిరిగి దొరకలేదు. ఆ నష్టం వైద్యశాస్త్రానిది కూడా.

పిచ్చుకల సాక్ష్యం

మనుషులు దొరకనప్పుడు పక్షులు మిగిలాయి. పక్షుల రక్తంలో కూడా మలేరియా వంటి పరాన్నజీవులు ఉంటాయని రష్యాలోని ఖార్కోవ్ నగరంలో వసీలీ దనిలేవ్‌స్కీ 1880వ దశకంలోనే చూపించాడు. 1897లో విలియం మెకలమ్ కాకుల రక్తంలోని అటువంటి జీవిని గమనిస్తూ, లావెరాన్ చూసిన కొరడాపోగులు నిజానికి మగబీజాలని కనుగొన్నాడు. అవి ఆడజీవిలో ప్రవేశించి ఫలదీకరణం జరుపుతాయి. పక్షులతో పని సాగించమని మాన్సన్ పదేపదే రాశాడు. రాస్ మొదట విసుక్కున్నాడు. పక్షుల జ్వరం చూడటానికి భారతదేశం దాకా రావలసిన అవసరమేమిటన్నది ఆయన ఫిర్యాదు. చివరకు అంగీకరించాడు.

ఈ పనిలో ఆయనకు తోడుగా నిలిచినవాడు మహమ్మద్ బక్ష్. కలకత్తాలో రాస్ మొదట ఇద్దరు సహాయకులను నియమించుకున్నాడు. ఒకరు మొదటి జీతం అందగానే వెళ్లిపోయారు. మహమ్మద్ బక్ష్ నిలిచాడు. పానిహాటికి చెందిన కిశోరీమోహన్ బంద్యోపాధ్యాయ కూడా ఈ పరిశోధనలో రాస్‌కు సహకరించాడు. 1898లో ఆ ప్రయోగశాల మెట్ల వద్ద తీసిన ఛాయాచిత్రం ఒకటి ప్రసిద్ధమైనది. దానిలో రాస్ దంపతులతోపాటు మహమ్మద్ బక్ష్, ఇతర సహాయకులు, పక్షుల పంజరాలు కనిపిస్తాయి.

ప్రయోగ విధానం సరళమైనది. దోమతెర కప్పిన పంజరంలో పిచ్చుకను ఉంచుతారు. సీసాలో పొదిగిన దోమలను సాయంత్రం దానిలోకి వదులుతారు. తెల్లవారిన తరువాత రక్తం తాగిన దోమలను పట్టి విడిగా పెంచి, కొన్ని దినాలకు చీల్చి చూస్తారు. ఆగస్టులో కావలసిన దోమ అనాఫిలిస్ అయితే, ఇక్కడ ఊళ్లో విరివిగా దొరికే బూడిదరంగు క్యూలెక్స్ దోమే సరిపోయింది. సికింద్రాబాదులో రెండేళ్లు విసిగించిన దోమ పక్షుల మలేరియాకు సరైన వాహకమని తేలింది.

రాస్ ఒక చక్కని పరీక్ష చేశాడు. మూడు పిచ్చుకలను తీసుకున్నాడు. ఒకదాని రక్తంలో పరాన్నజీవులు లేవు. రెండవదానిలో ఒక మోస్తరుగా ఉన్నాయి. మూడవదానిలో విపరీతంగా ఉన్నాయి. ఒక్కొక్కదానిని కుట్టిన దోమలలో పదేసి తీసి చీల్చి చూశాడు. మొదటి పది దోమలలో నల్లరేణువుల కణం ఒక్కటీ లేదు. రెండవ పదింటిలో 292 కణాలు, మూడవ పదింటిలో 1,009 కణాలు లెక్కకు వచ్చాయి. పక్షి రక్తంలో ఉన్నదానికి తగినట్లే దోమలో కనబడుతున్నది. మొత్తంమీద రోగపక్షులను కుట్టిన 245 దోమలలో 178 దోమలకు ఆ కణాలున్నాయి. ఇతర రక్తాలు తాగిన 249 దోమలలో ఒక్కదానికీ లేవు. ఒక్క దోమలో దొరికిన ఆనవాలును చూసి సంబరపడక, లేనిచోట లేదని కూడా లెక్కపెట్టి చూపడంలోనే ఈ ప్రయోగాల బలమంతా ఉంది.

తరువాత ఆ కణాలు పగిలి, సన్నని దారాల వంటి జీవులు దోమ శరీరమంతా వ్యాపించడం రాస్ చూశాడు. అవి ఎక్కడ చేరుతున్నాయి? 1898 జూలై 4న సమాధానం దొరికింది. దోమ తలకు సమీపాన ఉన్న గ్రంథిలో అవి గుమిగూడి ఉన్నాయి. ఆ గ్రంథి లాలాజల గ్రంథి. దోమ కుట్టేటప్పుడు లాలాజలాన్ని గాయంలోకి వదులుతుంది. దానితోపాటే రోగం కూడా దిగుతుంది. చచ్చిన దోమల నీటితో దీనికి సంబంధం లేదు.

చివరి రుజువు మిగిలింది. రోగపక్షులను కుట్టిన దోమలను ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల మీద వదిలారు. 28 పిచ్చుకలలో 22 పిచ్చుకలకు ఎనిమిది దినాల లోపలే రక్తం నిండా పరాన్నజీవులు కనిపించాయి. ఆ నెలాఖరున ఎడింబరోలో జరిగిన బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సభలో మాన్సన్ ఈ ఫలితాన్ని ప్రకటించాడు. రోగి నుంచి దోమకు, దోమ నుంచి మరో ప్రాణికి సాగే చక్రం మొదటిసారి పూర్తిగా కంటబడినది ఆ పిచ్చుకలలోనే.

పక్షి సాక్ష్యం మనిషికి ఎంతవరకు?

పిచ్చుకలో నిరూపించినది మనిషిలో నిరూపించినట్లు అవుతుందా అన్న ప్రశ్న అప్పుడే లేచింది. అది న్యాయమైన ప్రశ్న. మనిషి మలేరియా జీవి వేరు, పిచ్చుకది వేరు. మనిషి దోమ అనాఫిలిస్, పిచ్చుక దోమ క్యూలెక్స్. ఆ లోటును ఇటలీలో గ్రాసీ, బిగ్నామి, బాస్టియానెల్లి 1898 చివరి నెలలలో పూరించారు. అనాఫిలిస్ దోమలచేత కుట్టించి మనిషికి మలేరియా వచ్చినట్లు రోములో చూపించి, ఆ దోమలో మనిషి పరాన్నజీవి ఎదిగే దశలన్నిటినీ వివరించారు. 1900లో రోము నుంచి తెప్పించిన దోమలను మాన్సన్ తన కుమారుని మీదనే వదిలించాడు. లండన్‌లో ఉన్న ఆ యువకునికి మలేరియా జ్వరం వచ్చింది. దానితో చెడుగాలి సిద్ధాంతం కూలిపోయింది.

ఘనత ఎవరిదన్న విషయం మీద రాస్, గ్రాసీల మధ్య రేగిన వివాదం చివరిదాకా చల్లారలేదు. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే లభించింది. 1907లో లావెరాన్‌కు లభించింది. గ్రాసీకి రాలేదు. నిజానికి సికింద్రాబాదులో కనిపించిన మనిషి పరాన్నజీవి, కలకత్తా పిచ్చుకలలో పూర్తయిన చక్రం, రోములో జరిగిన మానవ నిరూపణ, ఈ మూడూ కలిస్తేనే సత్యం సంపూర్ణమైంది. పేరు కోసం ఇద్దరు పండితులు దశాబ్దాలపాటు పోరాడిన ఈ చరిత్రలో, హుసేన్ ఖాన్ తరఫున గాని, మహమ్మద్ బక్ష్ తరఫున గాని వాదించినవారు లేరు.

అడవిలోని జ్వరం

మనిషి రోగాన్ని, అడవి ప్రాణి రోగాన్ని ఒకే ప్రయోగశాలలో చూడటం అంతటితో ఆగలేదు. కలకత్తాలోనే ఉష్ణమండల వైద్య కళాశాలలో రాబర్ట్ నోల్స్, విరాజ్ మోహన్ దాస్ గుప్తా 1932లో మరొక సంగతిని కనుగొన్నారు. ఒక కోతి రక్తంలో దొరికిన కొత్త మలేరియా జీవిని వారు మనుషులకు ఎక్కించగా వారికీ జ్వరం వచ్చింది. ఆ జీవికి తరువాత నోల్స్ పేరు పెట్టారు. దానిని చాలాకాలం ప్రయోగశాల విశేషంగానే పరిగణించారు. 1965లో మలయా అడవులలో తిరిగివచ్చిన ఒక అమెరికన్‌కు అది సహజంగా సోకినట్లు బయటపడింది. ఆ తరువాత కూడా అది అరుదైన విశేషమనే అనుకున్నారు.

2004లో సారవాక్ రాష్ట్రంలోని కాపిట్ ప్రాంతం నుంచి వెలువడిన పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చివేసింది. బల్బీర్ సింగ్, ఆయన సహచరులు అక్కడి 208 మలేరియా రోగుల రక్తాన్ని జన్యుపదార్థ పరీక్షకు పెడితే, 120 మందిలో ఉన్నది ఆ కోతి మలేరియాయే. సూక్ష్మదర్శినిలో అది మనుషుల మలేరియా జాతి ఒకదానిని పోలి ఉండటం వల్ల ఏళ్ల తరబడి పొరపాటు జరిగింది. ఆ జీవి 24 గంటలకొకసారి రక్తకణాలను చీల్చుతుంది గనుక రోగి పరిస్థితి త్వరగా విషమించవచ్చు. 1932లో ప్రయోగశాల ఇచ్చిన హెచ్చరికను అడవి అంచున ఉన్న ఆసుపత్రులు అర్థం చేసుకోవడానికి 70 సంవత్సరాలు పైగా పట్టింది.

కలకత్తా పిచ్చుకలలోని జీవికి కూడా మరో చరిత్ర ఉంది. అదే జాతి పరాన్నజీవి హవాయి దీవులకు చేరి, ఓడల ద్వారా అప్పటికే అక్కడికి వచ్చి ఉన్న క్యూలెక్స్ దోమల ద్వారా వ్యాపించింది. పిచ్చుకలు చాలావరకు తట్టుకొనే ఆ జ్వరాన్ని ఆ దీవుల తేనెపిట్టలు తట్టుకోలేకపోయాయి. ఆ దీవుల పక్షులలో ఎనిమిది జాతులు అంతరించిపోయినట్లు 2023లో అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. నివాసాల నాశనంతోపాటు ఈ జ్వరం కూడా అందుకు ముఖ్య కారణం. దోమ, మనిషి, పక్షి, కోతి ఒకే గాలిలో, ఒకే నీటి ఒడ్డున బ్రతుకుతున్నప్పుడు ఒకరి రోగం మరొకరికి పరాయిది కాదు.

పేర్ల లెక్క

నేటి ప్రయోగశాలలకు నియమాలు ఉన్నాయి. ప్రాణుల మీద జరిగే హింసను అరికట్టే చట్టం భారతదేశంలో 1960లో వచ్చింది. మనుషులపై జరిగే పరిశోధనలకు ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకీలో సూత్రాలు ప్రకటించింది. రోగికి సంగతి చెప్పి, ఇష్టపూర్వకమైన సమ్మతి తీసుకోవడం వాటిలో ముఖ్యమైనది. లచ్‌మన్‌కు నీటిని ఇచ్చిన నాటికీ, కలకత్తా వీధులలో జనం సూదిని చూసి పారిపోయిన నాటికీ ఈ నియమాలు లేవు. తమకు జరుగుతున్నది ఏమిటో తెలియని జనం పారిపోయారు. చెప్పి, ఒప్పించి అడిగి ఉంటే అందరూ పారిపోయేవారా అన్న ప్రశ్న ఈనాటి ప్రతి టీకా ప్రచారానికీ, ప్రతి రక్తపరీక్ష శిబిరానికీ వర్తిస్తుంది.

మలేరియా ఇంకా పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ఆ జ్వరంతో 5,97,000 మంది మరణించారు. వారిలో అత్యధికులు ఆఫ్రికా ఖండపు పసిపిల్లలు. దోమతెరలు, మందులు, ఇటీవలి టీకాలు, అన్నిటి వెనుకా 1897, 1898 సంవత్సరాలలో తేలిన ఆ చక్రం ఉంది.

ఆ చక్రాన్ని కనుగొన్న కథ చెప్పేటప్పుడు రాస్ పేరు చెప్పడం న్యాయమే. ఆయన ఓర్పు, లెక్కలో నిజాయితీ, తన తప్పును ఒప్పుకొని గురువు మాట విన్న వినయం గౌరవించదగినవి. అయితే అబ్దుల్ ఖాదిర్, హుసేన్ ఖాన్, మహమ్మద్ బక్ష్, లచ్‌మన్, కిశోరీమోహన్ పేర్లు కూడా ఆ లెక్కలోనివే. అవి రాస్ రాతలలోనూ, నాటి ఛాయాచిత్రాలలోనూ దొరుకుతున్నాయి. బేగంపేట భవనాన్ని చూడటానికి వెళ్లే విద్యార్థులకు ఆ పేర్లు చెప్పడానికి ఖర్చేమీ లేదు. ఆ వరుసలో ఒక చోట మాత్రం ఖాళీ ఉంది. గోడ మీది దోమను చూపించిన ఆసుపత్రి సహాయకుని చోటు అది.